నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఊరు

మొన్న మాఘమాసంలో మా చిన్నాయన కూతురికి పెళ్ళిచూపులు పెట్టుకున్నారు. నేను ముందు రోజు సాయంత్రం ఒంగోల్లో బస్సెక్కి, కనిగిరిలో దిగి, ఆటోలో ఊరికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. వచ్చినవాళ్ళు తూర్పు వైపు వాళ్ళు, కాలవ కింద రెండు పంటలు పండే పొలాలున్నవాళ్ళు. మనుషులు మంచివాళ్ళు, మాట నెమ్మది, కట్నం గురించి కూడా పెద్దగా గీచి గీచి అడగలేదు. టిఫిన్లు అయ్యాక అబ్బాయి ఏదో సరదా మాట అన్నాడు, మా చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే కుడిచెయ్యి పైకి లేచి నోటికి అడ్డం వచ్చింది. అబ్బాయి వాళ్ళమ్మ మురిసిపోయింది. "ఎంత అణకువమ్మా పిల్లకి! నవ్వినా చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఈ రోజుల్లో ఇట్టాంటి పిల్లలు ఎక్కడ దొరుకుతారు" అంది.

మా పిన్నమ్మ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

వాళ్ళు బయల్దేరేటప్పుడు నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. కారు దగ్గర అబ్బాయి మేనమామ తన అక్కతో అంటున్నాడు: "పడమటోళ్ళు అంతేలే అక్కా, నలుగురిలో నోరు తెరవరు. నీళ్ళ కాడ మాత్రం జుట్లు పట్టుకుంటారు." ఆయన అది తిట్టుగా అనలేదు. అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు అన్నాడు, ఆమె కూడా తలూపింది.

అప్పటి నుంచి ఆ రెండు మాటలు నా బుర్రలో తిరుగుతున్నాయి. అణకువ ఒకటి, జుట్లు పట్టుకోవడం ఒకటి. రెండూ మా ప్రాంతం వాళ్ళ స్వభావం కింద చెలామణీ అవుతాయి. మా చెల్లెలు అణకువ గల పిల్లేమీ కాదు. ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు దానిదే, ఊళ్ళో ప్రతి ఒక్కరి మాటతీరూ అచ్చం దించేస్తుంది, మా నాయన కూడా కడుపు పట్టుకుని నవ్వుతాడు. ఆ చెయ్యి పరాయివాళ్ళ ముందు మాత్రమే లేస్తుంది. ఎందుకంటే దాని ముందుపళ్ళు గోధుమరంగులో ఉంటాయి, అడ్డంగా చారలు, రెండు పళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఆరేళ్ళ కిందట ఒంగోల్లో పళ్ళ డాక్టరు దగ్గర పైపూత వేయించుకునేదాకా నా పళ్ళూ అవే.

వాళ్ళు అణకువ అనుకున్నది మేము తాగిన బోరు నీళ్ళు.

కోడళ్ళ పళ్ళు, కూతుళ్ళ పళ్ళు

బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ గురించి మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మైకుల్లో వింటూనే ఉంటాం. నడుము వంగిపోయినవాళ్ళ ఫోటోలు, కర్ర పట్టుకుని నడిచే నడివయసు మనుషుల ఫోటోలు పేపర్లో చూస్తూనే ఉంటాం. నేను వాటి గురించి రాయడం లేదు. ఆ నీళ్ళు మనిషి నడవడిలో చేసే పని గురించి రాస్తున్నాను, దాన్ని ఎవరూ ఫోటో తియ్యలేరు.

పాలపళ్ళు ఊడకముందే చిగురు లోపల అసలు పళ్ళు తయారవుతుంటాయి. పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ వయసు దాకా పిల్లలు ఏ నీళ్ళు తాగితే ఆ నీళ్ళ గుర్తు పంటి పైపొర మీద పడుతుంది. ఆ వయసు దాటాక అదే బోరు నీళ్ళు ఎన్నేళ్ళు తాగినా పళ్ళకి ఆ మరకలు రావు, కీళ్ళకి, ఎముకలకి రావచ్చు. అంటే ఏమిటి? మా ఊళ్ళో పుట్టిన ఆడపిల్లల పళ్ళకి గార, బయటి నుంచి మా ఊరికి వచ్చిన కోడళ్ళ పళ్ళు తెలుపు. చిన్నప్పుడు నాకు ఈ లెక్క తెలియదు. మా వీధిలో అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక వదిన ఉండేది, పళ్ళన్నీ కనపడేలా నవ్వేది, బజారులో కూడా గట్టిగా మాట్లాడేది. "గడుసుది, తూర్పు నీళ్ళు తాగింది" అనేవాళ్ళు. మా ఊరి కూతుళ్ళేమో నెమ్మదస్తులు, కోడళ్ళేమో నోరున్నవాళ్ళు. ఊళ్ళో అది ఒక సామెతలాగా ఉండేది, నేనూ నమ్మాను. కూతుళ్ళని మా ఊరు బాగా పెంచుతుందని కొంచెం గర్వం కూడా ఉండేది.

డిగ్రీ ఒంగోల్లో చదివాను. రెండో ఏడాదిలో ఒక రోజు జువాలజీ మేడం బోర్డు మీద పన్ను బొమ్మ వేసి, పైపొర ఎలా ఏర్పడుతుందో చెబుతూ, మన జిల్లా పడమటి మండలాల్లో దీన్ని బాగా చూడొచ్చు అన్నారు. ఆవిడ మనసులో ఏమీ లేదు, పాఠం చెబుతున్నారు. నేను పక్కకి చూశాను. కనిగిరి అమ్మాయి ఒకతి, పామూరు అమ్మాయి ఒకతి, నేను. ముగ్గురం ఒకేసారి పెదాలు బిగించాం. నాకు మా ఊరి కూతుళ్ళు, కోడళ్ళు గుర్తొచ్చింది ఆ నిమిషంలోనే. వదిన గడుసుది కాదు. ఆమెకి దాచుకోవాల్సింది ఏమీ లేదు, అంతే.

తర్వాత ఉద్యోగంలో చేరాను. మీటింగుల్లో మాట్లాడను, మాట్లాడినా క్లుప్తంగా, పెదాలు పెద్దగా కదలకుండా. ఏడాది చివర్లో నా గురించి పై అధికారి రాసిన కాగితంలో 'పని బాగా చేస్తుంది, చొరవ తక్కువ' అని ఉంది. చదివి చాలా బాధపడ్డాను, నిజమేనేమో అని కూడా అనుకున్నాను. నాలుగేళ్ళు జీతంలో కొంత కొంత దాచి పళ్ళకి పూత వేయించుకున్నాను. ఏడాది తిరక్కుండానే అదే ఆఫీసులో, అదే పనిలో, "ఈ మధ్య నీలో కాన్ఫిడెన్స్ బాగా పెరిగింది" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్న రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. సంతోషం వల్ల కాదు. ఆ పూత వేయించుకోలేని నా వయసు ఆడవాళ్ళు మా మండలంలో ఎంతమంది 'చొరవ తక్కువ' వాళ్ళుగా మిగిలిపోయారా అని.

ఇది ఇవాళ్టిది కూడా కాదు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును మొదటిసారి వైద్యులు నమోదు చేసింది మా ప్రాంతంలోనే, 1937లో. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. షార్ట్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్ళూ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఆ వివరాలు రాశారు. అంతకంటే ముందు కనిపెట్టింది రైతులు. ఎద్దుల కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం చూసి ఇందులో ఏదో ఉందని వాళ్ళకి అనుమానం వచ్చింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒకటే అనిపించింది. ఎద్దు నడవకపోతే రైతు దాన్ని సోమరిది అనలేదు, మేతలోనో నీళ్ళలోనో ఏముందా అని వెతికాడు. మనిషి నోరు తెరవకపోతే మాత్రం స్వభావం అనుకుని ఊరుకున్నాం.

బిందెల వరస

ఇక రెండో మాట, జుట్లు పట్టుకోవడం. మేనమామగారు అబద్ధం చెప్పలేదు. మా ఊళ్ళో అది జరిగింది, నేను కళ్ళారా చూశాను.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. ఊరి బోర్లు రెండూ ఎండిపోయాయి, ట్యాంకర్ నీళ్ళే దిక్కు. రెండు రోజులకి ఒకసారి వస్తుందన్నారు గానీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఒకసారి మిట్ట మధ్యాహ్నం, ఒకసారి రాత్రి పదకొండుకి, ఒకసారి తెల్లవారుజామున మూడింటికి. అందుకని ఆడవాళ్ళు కూలికి పోలేరు, పోతే నీళ్ళు పోతాయి. నిద్ర కూడా పోలేరు. బిందెలు వరసలో పెట్టి, బిందె లేనివాళ్ళు గుర్తుకి రాయో, తెగిన చెప్పో, పగిలిన ప్లాస్టిక్ కుండో పెట్టి, ఆ పక్కనే చీర కొంగు పరుచుకుని పడుకునేవాళ్ళు. లారీ చప్పుడు ఎక్కడ వినపడినా ఉలిక్కిపడి లేచేవాళ్ళు. అది ట్యాంకర్ కాదని తెలిసి మళ్ళీ పడుకునేవాళ్ళు.

మా పెద్దమ్మా, ఎదురింటి ఆవిడా పాతికేళ్ళ స్నేహితులు. చింతపండు, కరివేపాకు, పెరుగు తోడు, అన్నీ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచేవి. మా పెద్దమ్మ కూతురు పుట్టినప్పుడు మంత్రసాని వచ్చేలోపల బొడ్డు దగ్గర కూర్చున్నది ఎదురింటావిడే. ఆ రాత్రి ట్యాంకర్ వచ్చినప్పుడు వరసలో ఒక బిందె ఒక్క చోటు ముందుకి జరిగింది. ఎవరు జరిపారో ఈనాటికీ తెలియదు. "నా బిందె యాడ పెట్టినావుమే" అన్నది మొదటి మాట. తర్వాత మాటలు నేను ఇక్కడ రాయలేను. ఐదు నిమిషాల్లో ఇద్దరూ కింద దుమ్ములో ఉన్నారు, ఒకరి జుట్టు ఒకరి చేతిలో. మగవాళ్ళు విడదీసేసరికి మా పెద్దమ్మ నుదురు చిట్లింది. ట్యాంకర్ డ్రైవర్ పైపు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు, నీళ్ళు నేలపాలు అవుతూనే ఉన్నాయి.

ఆ ఇద్దరిలో ఎవరి స్వభావం చెడ్డది? మూడు రాత్రుళ్ళుగా సరిగ్గా నిద్ర లేదు. వారం నుంచి కూలి లేదు. ఇంట్లో తాగడానికి చెంబెడు నీళ్ళున్నాయి. ఆ స్థితిలో ఒక్క చోటు అంటే, ట్యాంకర్ అయిపోయేలోపు నా బిందె నిండుతుందా నిండదా అన్న ప్రశ్న.

పేదరికం మనిషి ఆలోచన మీద చేసే పని గురించి 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి కోతకి ముందు ఒకసారి, కోత అయ్యి డబ్బు చేతికి వచ్చాక ఒకసారి బుద్ధికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. బొమ్మల వరసలో ఖాళీ పూరించడం, కంటికి కనపడేది ఒకటైతే దానికి లొంగకుండా అడిగినదానికి జవాబు చెప్పడం, ఇలాంటివి. కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు, అదే రైతులు బాగా వెనకపడ్డారు. కోత తర్వాత మెరుగయ్యారు. ఇద్దరు వేరు వేరు మనుషుల్ని పోల్చలేదు ఇక్కడ, అదే మనిషిని రెండు వేర్వేరు సమయాల్లో పోల్చారు. ఒక లేమి తలలో కూర్చుంటే మిగతా వాటికి చోటు ఉండదని వాళ్ళు చెప్పిన మాట. నాకు అది చదువుతుంటే చెరకు రైతులు కనపడలేదు, వరసలో కొంగు పరుచుకుని పడుకున్న మా పెద్దమ్మ కనపడింది. చెవి ఒక్కటీ లారీ చప్పుడు మీద పెట్టుకుని పడుకున్న మనిషికి ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే ఇక్కడే నాకు ఒక అనుమానం ఉంది, దాన్ని దాచి ముందుకి పోలేను. తర్వాత కొన్నేళ్ళకి సాగర్ నీళ్ళ పైపులైను మా ఊరికి వచ్చింది. రోజూ కాకపోయినా కుళాయి వస్తోంది, వరసలు పోయాయి, ట్యాంకర్ పోయింది. నా వాదన ప్రకారం ఆ ఇద్దరూ మళ్ళీ కలిసిపోవాలి కదా? కలవలేదు. తొమ్మిదేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండి, పిల్లల పెళ్ళిళ్ళకి కూడా పిలుచుకోలేదు. ఎదురింటావిడ భర్త పోయిన రోజు మా పెద్దమ్మ వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది, అప్పుడు గానీ మాట కలవలేదు. అంటే పరిస్థితి పోయినంత మాత్రాన అది చేసిన పని పోదు. నీళ్ళు వచ్చాయి కదా ఇక అన్నీ సర్దుకుంటాయి అనుకునేవాళ్ళకి నేను ఈ సంగతే చెబుతాను.

అందరూ అవే నీళ్ళు తాగారు కదా

ఈ మాట నాతో చాలామంది అన్నారు. ఒకే ఊరు, ఒకే బోరు, ఒకరికి నడుము వంగింది, ఒకరు డెబ్భై ఏళ్ళకీ చెట్టెక్కుతున్నారు, మరి నీళ్ళనే ఎందుకు అనాలి అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకే బోరు అంటే ఒకే నీళ్ళు కాదు. ఎండలో మట్టి పని చేసే కూలి మనిషి నీడలో కూర్చున్నవాడికంటే ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతాడు, ఆ నీళ్ళతో పాటు ఫ్లోరైడ్ కూడా అంతే ఎక్కువ ఒంట్లోకి పోతుంది. ఇంట్లో గేదె ఉండి పాలు, పెరుగు తినేవాళ్ళ ఒంట్లో కాల్షియం ఉంటుంది, తిండి చాలనివాళ్ళ ఎముకల మీద అదే నీళ్ళు ఎక్కువ దెబ్బ కొడతాయి. డబ్బున్నవాళ్ళు క్యాన్ నీళ్ళు ముందే మొదలుపెట్టారు. నీళ్ళు కాచుకుంటే పోతుందని మా జేజి నమ్మేది, పాపం రోజూ కట్టెల పొయ్యి మీద కాచి చల్లార్చి పోసేది. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో తాగడానికే క్యాన్ నీళ్ళు, అన్నం, పప్పు వండేది బోరు నీళ్ళతోనే. ఇరవై లీటర్లు కొని వంటకి కూడా పోస్తే కూలిడబ్బులు చాలవు. కాబట్టి అదే ఊళ్ళో, అదే వీధిలో, పరిస్థితి ఇంటింటికీ వేరు.

ఇంత చెప్పాక కూడా నా లెక్కకి అందనివాళ్ళు ఉన్నారు. నాతో చదివిన ఒకమ్మాయి ఉండేది, దాని పళ్ళు నా పళ్ళ కంటే ముదురు రంగు. అది ఎక్కడైనా, ఎవరి ముందైనా, నోరు బార్లా తెరిచి నవ్వేది. పెళ్ళి ఫోటోల్లో కూడా అంతే. ఎందుకని అడిగితే "మా నాయన అట్టనే నవ్వుతాడు" అంది. ఆ జవాబుని నేను ఏ పరిశోధనలోనూ ఇమడ్చలేను, ఇమడ్చాలని కూడా లేదు.

మా అన్నయ్య బెంగళూరులో బేల్దారి మేస్త్రీ. మా మండలాల నుంచి బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాదు పోయినన్ని కుటుంబాలు ఎక్కడా లేవేమో అనిపిస్తుంది నాకు. పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి పోతారు, ఆ పిల్లలు బడి మానేస్తే 'చదువు మీద శ్రద్ధ లేదు' అంటారు. ఫోన్లో అన్నయ్యకి ఇదంతా చెప్పాను. వాడు వినీ వినీ, "నేను ఊరొదిలింది నీళ్ళు లేకనే, కాదనను. కానీ నా కొడుకుని ఇంజనీరింగ్ చదివించింది నేను. దాన్ని కూడా నీళ్ళ ఖాతాలో వెయ్యబాకమ్మాయ్" అన్నాడు. చాలాసేపు నాకు మాట రాలేదు. వాడు చెప్పింది నిజం. మనిషి చెడ్డకి పరిస్థితిని సాక్ష్యం పిలిచినప్పుడు, మనిషి కష్టాన్ని కూడా తెలియకుండానే తీసేసుకుంటాం. నేను ఇప్పటికి తేల్చుకున్నది ఇంతే. తప్పు చేసినవాడికి బాధ్యత లేదనను. కానీ 'వీళ్ళ బుద్ధే అంత' అనే ముందు వీళ్ళు ఏం తాగారు, ఎంతసేపు పడుకున్నారు, ఎంత అప్పులో ఉన్నారు అని అడగాలి. ఆ ప్రశ్న అడిగాక కూడా బుద్ధి అనే తేలితే అప్పుడు అందాం.

ఇంకో భయం కూడా ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువైన చోట పిల్లల తెలివితేటలు కొంత తగ్గవచ్చనే చర్చ ప్రపంచమంతా నడుస్తోంది. 2024 ఆగస్టులో అమెరికాలోని నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం, లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికీ దానికీ సంబంధం ఉందని, ఓ మోస్తరు నమ్మకంతో, తేల్చింది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములనేది మన దేశంలో తాగునీటికి పెట్టిన చివరి హద్దు కూడా. ఆ వార్త చదివి ముందు నీళ్ళు త్వరగా ఇస్తారని ఆశపడ్డాను, వెంటనే గుండె జారింది. రేపు ఎవరో కారు దగ్గర నిలబడి "పడమటోళ్ళకి బుర్ర తక్కువలే అక్కా, నీళ్ళు అట్టాంటివి" అంటే? పరిస్థితి గురించి చెప్పే నిజం కూడా మనుషుల మీద ముద్రగా మారుతుంది. నేను ఈ వ్యాసం రాస్తూ కూడా ఆ పని చేస్తున్నానేమోనని నాలుగుసార్లు ఆగాను.

ధైర్యం తెచ్చుకున్నది దూబగుంట గుర్తొచ్చి. మాకు దక్షిణాన, నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఊరు. ఆ రోజుల్లో కూలి మగవాళ్ళు తాగుబోతులు, అది వాళ్ళ బుద్ధి అనే అందరూ అనేవాళ్ళు. కానీ వారుణి వాహిని అనే ప్రభుత్వ పథకం పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరా, మంచినీళ్ళు లేని ఊళ్ళకి కూడా, చేరుతుండేవి. కూలి డబ్బులు చేతిలో పడిన సాయంత్రం ప్యాకెట్ ఎదురుగా వచ్చి నిలబడేది. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి, మగవాళ్ళకి నీతులు చెప్పడం కాదు, సారా కొట్టు మూయించారు. 1992లో అక్కడ మొదలైంది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. మా అమ్మ చెబుతుంది, ఆ ఏళ్ళల్లో మా ఊళ్ళో మూడు ఇళ్ళ పైకప్పులు కొత్తగా వేశారని, ఇద్దరు ఆడవాళ్ళు పుట్టింటి నుంచి తిరిగి వచ్చారని. దొంగతనంగా నాటుసారా కాచినవాళ్ళు లేకపోలేదు, తాగినవాళ్ళూ లేకపోలేదు. 1997లో నిషేధం ఎత్తేశారు, తాగుడు మళ్ళీ పెరిగింది. మనుషులు అవే మనుషులు. మధ్యలో వాళ్ళ బుద్ధి రెండుసార్లు మారిందని ఎవరైనా అంటే నేను నమ్మను.

అన్నయ్య అన్న మాటకి కూడా నాకు దూబగుంటలోనే కొంత జవాబు దొరికింది. ఆ ఆడవాళ్ళు కూడా ఆ పరిస్థితిలోనే పుట్టి పెరిగినవాళ్ళు. ఆ దెబ్బలు తిన్నవాళ్ళు. కానీ ఏది మారిస్తే మిగతాది మారుతుందో వాళ్ళకి తెలిసింది.

చెయ్యి

నల్లమల కింద సొరంగాలు తవ్వి శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు మా వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లకి మా ఊళ్ళో పాలపళ్ళు ఊడాయి, గారపళ్ళు వచ్చాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది, పెళ్ళయింది, ఇప్పుడు దాని పిల్లల చిగుళ్ళలో పళ్ళు తయారవుతున్నాయి. ఆ నీళ్ళు మా కుళాయికి ఇంకా రాలేదు. నేను ఒక్కొక్క ఏడాది ఆలస్యాన్నీ ఇలాగే లెక్క పెడతాను.

పెళ్ళిచూపులైన నాలుగో రోజు అబ్బాయి వాళ్ళ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది, పిల్ల నచ్చిందని, ముహూర్తాలు చూడమని. ఇంట్లో అందరూ సంతోషపడుతుంటే మా చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. "వాళ్ళు నా పళ్ళు చూళ్ళేదు. అణకువ అనుకుని ఒప్పుకున్నారు. రేపు పెళ్ళయ్యాక నేను నోరు తెరిస్తే మోసం చేశారంటారు. ఒక ఫోటో పంపించండి, అది చూసి చెప్పమనండి" అంది. పిన్నమ్మ ఏడ్చింది, వచ్చిన సంబంధం చెడగొట్టుకుంటావా అని. చిన్నాయన ఏమీ అనలేదు. నాకు ఫోన్ చేసి పూత వేయించడానికి ఎంతవుతుందని అడిగాడు. డబ్బు నేను పెడతానన్నాను. చెల్లెలు ఫోన్ లాక్కుని, "తర్వాత వేయించుకుంటాలే అక్కా. ముందు ఇట్టనే చూడనీ" అంది.

ఫోటో మా చెల్లెలి సొంతక్క తీసింది, మిద్దె మీద, పొద్దున ఎండలో. నాకూ పంపారు. వాళ్ళక్క కూతురు కూడా పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడిందట. ఆ పిల్లకి ఏడేళ్ళు, పుట్టినప్పటి నుంచి క్యాన్ నీళ్ళే పోశారు, వంటకి కూడా. ముందుపళ్ళు రెండూ కొత్తగా వచ్చాయి, పాలలా తెల్లగా ఉన్నాయి, సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనే వేలితో తడిమి చూశాను.

ఫోటోలో మా చెల్లెలు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. దాని పక్కన ఆ పిల్ల కూడా నవ్వుతోంది, అమ్మలాగా, అమ్మమ్మలాగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.